ఊళ్లో సహజ ఎరువుల కేంద్రం: మహిళా సంఘం నిలబెట్టి నడపడం ఎలా

జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపి మురగబెట్టే ఎరువు) కలపడం, పురుగుల మీద కొట్టే కషాయం కాయడం తెలిసిన మహిళలు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్ల దగ్గరి నుంచి పదేపదే వస్తున్న ప్రశ్న వేరు. దీన్ని ఒక కేంద్రంగా పెట్టి, పదిమందికి పని ఇచ్చి, నష్టం రాకుండా, నేల బాగుపడేలా నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. దేశం మొత్తమ్మీద ఇలాంటి ఎరువులు, కషాయాలు రైతులకు అందించే 10,000 జీవ వనరుల కేంద్రాలు పెట్టాలన్నది అందులో లక్ష్యం. ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో ఎన్‌పీఎం (పురుగుమందులు వాడని సస్యరక్షణ) షాపులని పిలిచేవి అంతకు ముందునుంచే ఉన్నాయి. సాయం వచ్చినా రాకపోయినా నిలబడే కేంద్రాన్ని ఎలా కట్టుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. రైతు ఇంట్లో చేసుకోగలిగినదాన్ని మీ దగ్గర ఎందుకు కొంటాడు? పశువు లేదు గనుక, మనిషి లేడు గనుక, కావాల్సిన రోజున చేతిలో ఉండదు గనుక. కాబట్టి మీరు అమ్మేది ద్రావణం కన్నా ముందు అదను. కింద చెప్పే ప్రతి పనినీ ఆ కొలతతోనే చూసుకోండి.

1. ముందు ఊరిని చదవండి

షెడ్డు, డ్రమ్ములు, యంత్రాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. సంఘం సభ్యులు ఇద్దరేసి జట్లుగా వెళ్లి కనీసం 30 మంది రైతులతో మాట్లాడండి. అందులో కౌలు రైతులు, ఒంటరి మహిళా రైతులు తప్పక ఉండాలి. అడగాల్సినవి:

☐ ఏ పంట, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా
☐ పోయిన సీజన్‌లో ఎరువులకు, పురుగుమందులకు విడివిడిగా ఎంత అయింది
☐ ఏ పురుగు, ఏ తెగులు, ఏ నెలలో వచ్చింది
☐ ఇంట్లో పశువులు ఉన్నాయా, పేడ ఏం చేస్తున్నారు
☐ మందు ఎవరు కొడతారు, ట్యాంకుకు ఎంత ఇస్తున్నారు
☐ మందులు నగదుకు కొంటున్నారా, అరువుకా

చివరి ప్రశ్నను మొహమాటపడి వదిలేయకండి. చాలా ఊళ్లలో పురుగుమందుల కొట్టు యజమానే అప్పిస్తాడు, పంటా ఆయనే కొంటాడు. మీ పోటీ మందు డబ్బాతో కాదు, ఆ అరువు ఖాతాతో. అది తెలియకుండా ఎంత మంచి కషాయం కాచినా రైతు మీ గుమ్మం తొక్కడు.

2. ఎవరిది, ఎవరు నడుపుతారు

కేంద్రం గ్రామ సంఘానిది (ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసినది) అయితే మేలు. ఐదుగురితో ఉపసంఘం వేసి, తీర్మానం రాసి, వేరే బ్యాంకు ఖాతా తెరవండి. పొదుపు డబ్బునూ కేంద్రం డబ్బునూ ఒకే ఖాతాలో కలపొద్దు.

రోజువారీ బాధ్యత మాత్రం ఒక్కరిదే కావాలి. ఆమెకు జీతమో, అమ్మకం మీద వాటానో మొదటి నెల నుంచే ఇవ్వండి. సేవగా చేస్తుందిలే అనుకున్న చోట, నాట్ల కాలం రాగానే ఆమె కూలికి పోతుంది, కేంద్రానికి తాళం పడుతుంది. తప్పు ఆమెది కాదు. ఆ రోజు కూలి ఆమెకు అన్నం.

వీలైతే తయారీ పని భూమి లేని మహిళలకు ఇవ్వండి. సంఘం పెట్టిన కేంద్రానికీ మామూలు కొట్టుకీ అసలు తేడా అక్కడే ఉంది. లైసెన్సు అవసరం ఏమైనా ఉందా అన్నది, ముఖ్యంగా ఊరు దాటి అమ్మాలనుకుంటే, మండల వ్యవసాయ అధికారిని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

3. ఏం అమ్మాలో మూడు వరసలుగా రాసుకోండి

మొదటి వరస, నిలవ ఉండేవి. ఘన జీవామృతం, అంటే పొడి రూపంలోది, నీడన బాగా ఆరబెడితే ఆరు నెలల వరకు ఉంటుంది. మూత్రంలో కాచే కషాయాల్లో అగ్నిఅస్త్రం (పొగాకు, మిర్చి, వెల్లుల్లితో) మూడు నెలలు, బ్రహ్మాస్త్రం (రకరకాల చేదు ఆకులతో) ఆరు నెలలు. వేప గింజలు కూడా ఇందులోకే వస్తాయి. ఇవి ముందే చేసి పెట్టుకోవచ్చు.

రెండో వరస, నిలవ ఉండనివి. ద్రవ జీవామృతం, విత్తనాలకు పట్టించే బీజామృతం, వేపాకుతో చేసే నీమాస్త్రం. వీటిని ఆర్డరు, సగం డబ్బు వచ్చాకే కలపండి.

మూడో వరస, సేవలు. మందు కొట్టి పెట్టడం, విత్తనశుద్ధి చేసి ఇవ్వడం, తైవాన్ స్ప్రేయర్ (ఇంజన్‌తో నడిచే మందు పంపు) అద్దె, రెక్కల పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు. కొత్త కేంద్రాలు ఎక్కువగా వదిలేసేది దీన్నే. ఎందుకు వదలకూడదో ధర దగ్గర లెక్కతో చూద్దాం.

కౌలు రైతు సంగతి విడిగా ఆలోచించాలి. వచ్చే ఏడు ఆ పొలం తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు ఎకరాకు 400 కిలోల ఘన జీవామృతం వేయమంటే వెనకాడతాడు, అది సహజం. ఆయనకు ఈ పంటలోనే ఫలితం కనబడేవి చూపించండి: విత్తనశుద్ధి, కషాయాలు, బుట్టలు. నేల కోసం వేసేది సొంత భూమి రైతు దగ్గర మొదలుపెట్టండి.

ఖరీఫ్ కోసం పని క్రమం ఇలా ఉంటుంది:

☐ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: ఘన జీవామృతం కుప్పలు. పేడ త్వరగా ఆరుతుంది, చేతులకు ఖాళీ ఉంటుంది
☐ మే: ఆర్డర్లు రాసుకోవడం, డ్రమ్ములు, పంపులు బాగు చేయించడం
☐ తొలకరి: ఘన జీవామృతం దుక్కిలోకి, బీజామృతంతో విత్తనశుద్ధి
☐ జూన్, జూలై: రాలిన వేప పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టడం
☐ జూలై నుంచి: 15 రోజులకోసారి ద్రవ జీవామృతం, పురుగును బట్టి కషాయాలు

వేప గింజల పనిని చిన్నచూపు చూడకండి. వేసవి చివర కూలి పనులు లేని వృద్ధులకు, భూమి లేని కుటుంబాలకు అది ఆదాయం. కిలోకు ఇంత అని ముందే ప్రకటించి కొనండి. బూజు పట్టినవీ, పాతవీ కలిపితే కషాయానికి పస ఉండదు. పోయినేటి గింజలను ఈ ఏడు నమ్ముకోవద్దు.

4. ముడిసరుకు: చిక్కంతా మూత్రం దగ్గరే

ద్రవ జీవామృతానికి ఐదు డ్రమ్ములున్నాయి అనుకోండి, ఒక్కోటి 200 లీటర్లు. కలపడం, మురగడం, కడగడం కలిపి ఒక విడతకు మూడు రోజులు. పదిహేను రోజుల్లో 25 డ్రమ్ములు రావాలి. వానలు, ఆలస్యాలు తీసేసి 20 అనుకోండి. ఎకరాకు 200 లీటర్లు గనుక, ఐదు డ్రమ్ముల కేంద్రం 20 ఎకరాలకు సరిపోతుంది. 60 ఎకరాలకు ఒప్పుకుని అదను తప్పిస్తే, తప్పిన ప్రతి రైతూ మరో పదిమందికి చెబుతాడు.

ఇప్పుడు పశువుల లెక్క. డ్రమ్ముకు 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం. 20 డ్రమ్ములకు 200 కిలోల పేడ కావాలి. ఆవు రోజుకు సుమారు 10 కిలోల పేడ వేస్తుంది కాబట్టి రెండు ఆవులు చాలు. మూత్రం అలా కాదు. కొట్టం నేల మట్టిదైతే చాలావరకు ఇంకిపోతుంది. పట్టగలిగేది పశువుకు రోజుకు 3, 4 లీటర్లు అనుకుంటే నాలుగు పశువులైనా కావాలి, కషాయాలకు అయ్యేది అదనం.

కాబట్టి కేంద్రం తొలి ఖర్చు డ్రమ్ముల మీద కాదు, నాలుగైదు ఇళ్ల కొట్టాల మీద పెట్టమంటాను. నేల వాలుగా చదును చేసి, చిన్న కాలువ తీసి, చివర కుండో బకెట్టో దించితే చాలు. ఆ ఇళ్లతో లీటరు ధర మాట్లాడుకుని, వారానికోసారి తప్పకుండా చెల్లించండి.

☐ మూత్రాన్ని మూతపెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో, నీడలో ఉంచాలి. రేకు పాత్రలు వద్దు
☐ జబ్బు పడి మందులు, సూదులు వేయించుకుంటున్న పశువు పేడ, మూత్రం తీసుకోవద్దు
☐ కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంటే ఒకరోజు తెరిచి ఉంచి వాడాలి
☐ గుప్పెడు మట్టి ఎప్పుడూ రసాయనాలు పడని గట్టు నుంచో, పెద్ద చెట్టు కింద నుంచో తేవాలి
☐ నల్లబెల్లం టోకున కొంటే బిల్లు, సంఘం తీర్మానం నకలు దగ్గర ఉంచుకోవాలి. నాటుసారా కోసమేమోనని ఎక్సైజ్ వాళ్లు ఆరా తీయొచ్చు

5. తయారీ: కొలత మారకూడదు

ఒక్కొక్కరు ఒక్కో చేతివాటంతో కలిపితే రైతుకు ఒకసారి పనిచేస్తుంది, ఇంకోసారి చేయదు. కొలతలు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

ద్రవ జీవామృతం: నీళ్లు 200 లీటర్లు, పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గట్టు మట్టి గుప్పెడు. కర్రతో ఒకే వైపు తిప్పాలి, ఉదయం సాయంత్రం కొద్ది నిమిషాలు. పైన గోనెపట్టా కప్పాలి, బిగుతు మూత వద్దు. ఎండాకాలం 48 గంటలు, చలికాలం ఇంకా ఒకటి రెండు రోజులు. తయారయ్యాక వారంలోపు పొలంలో పడాలి. నేలలో పదును ఉన్నప్పుడే పారించాలి, ఎండిన నేల మీద పోస్తే దండగ.

ఘన జీవామృతం: పేడ 100 కిలోలు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గుప్పెడు మట్టి, ముద్ద కలవడానికి సరిపడా మూత్రం. నీడన 48 గంటలు గోనెపట్టా కప్పి, తర్వాత పలచగా పరిచి ఆరబెట్టి, పొడి చేసి సంచుల్లోకి ఎత్తాలి. ఆరాక బరువు బాగా తగ్గుతుంది. మొదటి కుప్పను ముందూ తర్వాతా తూచి నిష్పత్తి రాసుకోండి, ధర కట్టడానికి అదే ఆధారం.

బీజామృతం: నీళ్లు 20 లీటర్లు, పేడ 5 కిలోలు, మూత్రం 5 లీటర్లు, సున్నం 50 గ్రాములు, గుప్పెడు మట్టి. పేడను గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో వేలాడదీసి పొద్దున పిండాలి. ఇది 100 కిలోల విత్తనానికి వస్తుంది. వేరుశనగ పైపొర సున్నితం కాబట్టి చేత్తో రుద్దకుండా తేలిగ్గా చిలకరించి నీడన ఆరనివ్వాలి.

వేప గింజల కషాయం: 5 కిలోల గింజల పొడిని గుడ్డలో కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేయాలి. సాయంత్రమే కొట్టాలి, ఎండకు దాని గుణం పోతుంది.

అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు మూత్రంలో కాగుతాయి. సహజం అన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దు. పొగాకులోని నికోటిన్ విషం. ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా కాయాలి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఆ గిన్నె వంటకు వాడొద్దు. గర్భిణులనూ పిల్లలనూ దగ్గరకు రానివ్వొద్దు. నిల్వ డబ్బా మీద విషం గుర్తు వేసి తాళం గదిలో పెట్టండి.

కోతకు దగ్గర పడిన ఆకుకూరల మీద, పచ్చిగా తినే కొత్తిమీర లాంటి వాటి మీద జీవామృతం చల్లవద్దు. అందులో ఉన్నది పేడ. ఆ పంటలకు నేలలోనే పోయించండి.

తేడా వస్తే ఇలా సరిచేసుకోండి:

• కుళ్లు కంపు: గాలి ఆడలేదు. ఆ డ్రమ్ము కంపోస్టు గుంతలోకి పోయండి. వచ్చే విడత నుంచి కలిపే వేళలు పలక మీద రాసి సంతకం పెట్టించండి. పులిసిన, కాస్త తీపి వాసనే సరైన గుర్తు.
• పురుగులు పట్టాయి: ఈగలు వాలాయి. గుడ్డ రెండు మడతలుగా కట్టండి.
• నురగ లేదు, వాసన మారలేదు: చలి, లేదా బ్లీచింగ్ నీళ్లు. ఒకరోజు ఆగి చూడండి.
• పంపు నాజిల్ మూసుకుంటోంది: ఒక్కసారి వడపోస్తే చాలదు. నూలు గుడ్డలో రెండుసార్లు.
• ఘన జీవామృతానికి బూజు: సరిగ్గా ఆరకముందే సంచికెత్తారు. మళ్లీ నీడన పరవండి.

ప్రతి డ్రమ్ముకు, సంచికి ఒక చీటీ ఉండాలి: విడత సంఖ్య, తయారీ తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చు, ఎకరాకు ఎంత, కలిపినవారి పేరు. రైతు ఫిర్యాదు చేస్తే ఆ సంఖ్య పట్టుకుని తప్పు ఎక్కడుందో వెతకొచ్చు.

6. ధర: కాగితం మీద పెట్టి చూడండి

ఒక డ్రమ్ముకు నమూనా లెక్క ఇది. మీ ఊరి ధరలు వేసుకోండి.

బెల్లం 2 కిలోలు: రూ.120
శనగపిండి 2 కిలోలు: రూ.200
మూత్రం 10 లీటర్లు: రూ.50
పేడ 10 కిలోలు: రూ.20
కూలి (ఐదు డ్రమ్ములకు ఒక మనిషి రూ.400): రూ.80
డ్రమ్ము అరుగుదల: రూ.10
మొత్తం: రూ.480

పాడయ్యేదానికి పదో వంతు రూ.48, నిర్వాహకురాలికి, అద్దెకు రూ.40, నిల్వ నిధికి రూ.32. అంతా కలిపి రూ.600, అంటే లీటరు మూడు రూపాయలు. శనగపిండి బదులు కిలో 70కి దొరికే ఉలవపిండి వాడితే డ్రమ్ముకు 60 రూపాయలు మిగులుతాయి.

ఇక సీజన్ మొత్తం చూడండి. 20 ఎకరాలకు ఆరు విడతలంటే 120 డ్రమ్ములు. అమ్మకం రూ.72,000. వినడానికి బాగుంది. కానీ నిర్వహణకు మిగిలేది 4,800, నిధికి 3,840 రూపాయలే. మూడు నెలల కష్టానికి నిర్వాహకురాలికి, అద్దె తీయకముందే, నెలకు 1,600. దీని మీద ఎవరూ నిలబడరు.

జీవామృతం ధర పెంచడం దారి కాదు, పెంచితే చిన్న రైతు దూరమవుతాడు. మూడో వరస దగ్గరకు రండి. జీవామృతం అమ్మిన 20 ఎకరాల్లో మందు ఎలాగూ ఎవరో ఒకరు కొడతారు. ఊళ్లో నడిచే ట్యాంకు రేటుకే మీ జట్టు ఆ పని తీసుకుంటే ఇద్దరికి పని దొరుకుతుంది, కేంద్రానికి వాటా వస్తుంది, కషాయం సరైన మోతాదులో సాయంత్రం పూటే పడుతుంది. నా దృష్టిలో కేంద్రం బతికేది ఈ సేవ మీదే.

రవాణా మరిచిపోకండి. 200 లీటర్లంటే 200 కిలోల పైమాటే. మూడు కిలోమీటర్లు దాటితే ఆటో కిరాయి లాభాన్ని మింగేస్తుంది. దూరపు పొలాలకు ఘన జీవామృతం ఇవ్వండి, లేదా డ్రమ్ము పొలం దగ్గరే పెట్టి అక్కడే కలిపి రండి.

7. అరువు ఎలా ఇవ్వాలి

అసలు ఇవ్వం అంటే రైతు పాత ఖాతా దగ్గరికే పోతాడు. అడిగినంత ఇస్తే కేంద్రం మునుగుతుంది. మధ్య దారి ఇదీ:

☐ ద్రవ జీవామృతానికి సగం ఆర్డరుతో, సగం డ్రమ్ము దించినప్పుడు
☐ ఘన జీవామృతం లాంటి పెద్ద మొత్తాలకు, ఆ ఇంటి మహిళ సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) లేదా స్త్రీనిధి (మహిళా సంఘాల పరపతి సంస్థ) రుణం తీసుకుని కేంద్రానికి నగదు కట్టడం
☐ మొత్తం అరువు నిల్వ నిధి దాటకూడదు. దాటగానే కొత్త అరువు ఆపేయాలి
☐ బాకీల జాబితా నెలనెలా సంఘం సమావేశంలో చదవాలి

ఉచితంగా పంచడం మాత్రం చేయకండి. మొదటి ఏడు ఊరికే ఇచ్చినదాన్ని రెండో ఏడు డబ్బు పెట్టి కొనమంటే ఎవరూ కొనరు. పరీక్ష మడికి ఇవ్వాల్సి వస్తే ఖర్చు రాసి, ఎవరి ఖాతాలో వేశారో చెప్పి ఇవ్వండి.

8. నమ్మించడానికి మాట కాదు, మడి

ఐదుగురు రైతులను ఎంచుకోండి. ఒక్కొక్కరి పొలంలో అర ఎకరం మీ పద్ధతిలో, పక్కనే అర ఎకరం ఆయన పాత పద్ధతిలో. ఒకే విత్తనం, ఒకే రోజు విత్తడం. రెండు వైపులా పెట్టిన ఖర్చు, దిగుబడి, అమ్మిన ధర ఒకే పుస్తకంలో రాయండి. కోతనాడు ఊరిని పిలిచి అందరి ముందూ తూకం వేయండి. తక్కువ వస్తే తక్కువనే రాయండి.

మొదటి ఏడే మొత్తం పొలంలో రసాయనాలు మానేయమని ఎవరికీ చెప్పొద్దు. అప్పు తెచ్చి సేద్యం చేస్తున్న కుటుంబం అది. దిగుబడి తగ్గితే భారం మీరు మోయరు, వాళ్లు మోస్తారు. ఒక ఎకరంతో మొదలుపెట్టి ఏటా పెంచుకోమనండి.

కషాయాల హద్దు కూడా ముందే చెప్పాలి. అవి పురుగు రాకముందు, గుడ్డు, చిన్న పిల్ల దశల్లో బాగా పనిచేస్తాయి. పొలమంతా అల్లుకున్నాక ఆదుకుంటాయని మాట ఇవ్వకండి. 2021లో మిరపను నల్ల తామర పురుగు ముంచేసినప్పుడు ఖరీదైన మందులే చేతులెత్తేశాయి. వారానికోసారి పొలం నడిచి చూడటం, బుట్టలో పడ్డ రెక్కల పురుగులను లెక్కపెట్టడం, జిగురు అట్టలు ముందే కట్టడం మీ సేవలో భాగం కావాలి. చెయ్యి దాటిందనిపిస్తే రైతు సేవా కేంద్రానికో, వ్యవసాయ అధికారికో వెంటనే చెప్పించండి.

పండిన పంటకు సేంద్రియం అని ముద్ర వేసి అమ్మడం వేరే పని. కనీసం ఐదుగురు రైతుల బృందంతో పీజీఎస్ ఇండియా ధ్రువీకరణకు (రైతులే ఒకరి పొలాలు ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి) నమోదు కావాలి. అది చేతికి రాకముందు మీ కేంద్రం పేరు మీద ఎవరూ ఆ మాట వాడకుండా చూడండి.

9. ఎక్కువ కేంద్రాలు ఎక్కడ తడబడతాయి

సాయం డబ్బు రాగానే యంత్రాలు కొనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. గడ్డి కోసే యంత్రం, సీసాలు నింపే యంత్రం ఏడాదంతా మూల పడి ఉంటాయి. తొలి సీజన్‌కు ఐదు డ్రమ్ములు, తూకం, కషాయం కాచే పెద్ద గిన్నె, వడగట్టే గుడ్డలు, రెండు పంపులు, చేతి తొడుగులు చాలు. రెండో సీజన్‌లో ఏ పని దగ్గర రైతు ఆగాల్సి వస్తోందో చూసి, దానికే డబ్బు పెట్టండి.

తర్వాతది, ఒకే అధికారి మీదో, ఒకే నాయకురాలి మీదో ఆధారపడటం. తయారీ, పద్దులు, రైతులతో మాట్లాడటం అనే మూడు పనులూ కనీసం ఇద్దరిద్దరికి రావాలి.

ఇంకొకటి, పద్దు అంతా ఫోన్‌లో పెట్టి కాగితం మానేయడం. విడతల పుస్తకం, సరుకు పుస్తకం, అరువు పుస్తకం, పొలం పుస్తకం అని నాలుగు నోటుపుస్తకాలు పెట్టండి. ఫోన్ అదనం.

10. సీజన్ చివర చూసుకోవాల్సిన లెక్క

ఎన్ని లీటర్లు అమ్మామన్నది ఆఖరున చూడండి. ముందు ఇవి:

☐ మొదటి విడత కొన్నవాళ్లలో మూడో విడతకూ వచ్చినవాళ్లు ఎంతమంది
☐ ఎన్ని ఎకరాల్లో పురుగుమందు ఖర్చు తగ్గింది, ఎంత తగ్గింది
☐ అడిగిన రోజుకు అందించినవి ఎన్ని, ఆలస్యమైనవి ఎన్ని
☐ ఎన్ని పనిదినాలు, అందులో భూమి లేనివారికి ఎన్ని
☐ చేతిలో నగదు, రావాల్సిన బాకీ

మొదటి అంకె తక్కువైతే సరుకులోనో అదనులోనో లోపం ఉంది. ఆగిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కారణం రాసుకోండి. ఆలస్యాలు ఎక్కువైతే కొత్త రైతులను చేర్చుకోవడం ఆపి డ్రమ్ములో, మూత్రం సేకరణో పెంచండి. ఎకరాలు పెరిగి నగదు తగ్గితే అరువు పుస్తకం తెరవండి, సాధారణంగా జవాబు అందులోనే ఉంటుంది.

పక్క ఊరివాళ్లు మాకూ సరఫరా చేయమని వస్తే డ్రమ్ములు పంపకండి. వాళ్ల సంఘం నుంచి ఇద్దరిని పిలిచి, ఒక విడత మొత్తం, ముడిసరుకు కొనడం నుంచి బాకీ వసూలు దాకా, మీ వాళ్లతో కలిసి పనిచేయనివ్వండి. శిక్షణకు రుసుము తీసుకోండి. అదీ కేంద్రం ఆదాయమే.